నిద్రపోయే మొగుణ్ణి చంపితే ఆత్మరక్షణా?

ఒరేయ్ సుబ్బూ,

ఎలా ఉన్నావ్, అమ్మకి మోకాళ్ళు ఎలా ఉన్నాయ్? మొన్న ఫోన్లో "నిద్రపోయే మొగుణ్ణి చంపి ఆత్మరక్షణంటే ఎట్టారా, తలుపు తీసుకుని పోవచ్చుగా" అని అడిగి నన్ను నోరు తెరవనీకుండా పెట్టేశావ్, అందుకే ఈ పురాణం, తీరిగ్గా చదువు.

చట్టం చాలావరకు నీ వైపే ఉందిలే. ఇప్పటి నేర చట్టం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 38వ సెక్షను, అదే పాత ఐపీసీ 100, ప్రాణం పోద్దనో, తీవ్ర గాయం అవుద్దనో, అత్యాచారం లాంటిదేదో జరుగుద్దనో ఆ క్షణాన భయం ఉంటేనే చంపేదాకా వెళ్ళే హక్కు ఇస్తది. కానీ ఇది బీసెంట్ రోడ్డులో ఇద్దరు మగాళ్ళు కొట్టుకోవడం ఊహించుకుని రాసినట్టుంటది నాకు, ఏళ్ళ తరబడి తన్నులు తిన్న ఆడమనిషి వాడు మెలకువగా ఉన్నప్పుడు తిరగబడితే చచ్చేది తనే కదరా. పోనీ పుట్టింటికెళ్తే సర్దుకుపొమ్మని బస్సెక్కించి మరీ పంపుతారు, లేదా వాడే అక్కడికొచ్చి గొడవ చేస్తాడు.

లెనోర్ వాకర్ అని అమెరికా సైకాలజిస్టు 1979లో ఈ వరస చెప్పింది: ఇంట్లో వాతావరణం బిగుసుకుపోవడం, తర్వాత తన్నులు, తర్వాత వాడు కాళ్ళు పట్టుకుని ఏడవడం, మళ్ళీ మొదలు. 1990లో కెనడా సుప్రీంకోర్టు లవాలీ కేసులో ఇలాంటి సైకియాట్రిస్టు సాక్ష్యం ఒప్పుకుంది. తనని కొట్టే సహచరుడు చంపుతానని బెదిరించి గదిలోంచి వెళ్తుంటే లవాలీ అనే ఆమె వెనకనుంచి కాల్చింది, జ్యూరీ నిర్దోషంది, ఆ తీర్పే నిలబడింది. అంతకు ఏడాది ముందే నార్త్ కరోలినాలో, నువ్వన్నట్టే, నిద్రపోతున్న భర్తని కాల్చినామెకి ఆత్మరక్షణ ఇవ్వలేదు.

నాకు నచ్చనిది ఇంగ్లండ్ దారి. ఏళ్ళ తరబడి హింసించిన మొగుడికి నిద్రలో నిప్పంటించిన కిరణ్‌జిత్ అహ్లువాలియాని 1992లో బయటికి తెచ్చింది "మానసిక స్థితి బాలేదు" అన్న వాదన, అంటే ఆమె భయం సబబే అని కోర్టు అన్లేదు, జబ్బు మనిషని వదిలేసింది. మన దగ్గర గౌహతి హైకోర్టు 2013లో 'బ్యాటర్డ్ వుమన్ సిండ్రోమ్' (ఏళ్ళ తరబడి తన్నులు తిన్న ఆడమనిషి మానసిక స్థితి) మాట ఎత్తి, హత్య కేసుని హత్య కాని నరహత్యకి తగ్గించింది, అది కూడా శిక్షేగా!

ఇవన్నీ చెప్పినా అసలు చిక్కు రుజువుల దగ్గరే. దెబ్బలతో ఆసుపత్రికెళ్ళిన ప్రతిసారీ "బాత్రూంలో జారిపడ్డా" అని రాయించుకుంటది, మొగుడు పక్కనే నిలబడి ఉంటాడుగా మరి, తీరా కేసొచ్చేసరికి పాత దెబ్బలకి కాగితం ఉండదు, పక్కింటోళ్ళేమో మాకెందుకులే అంటారు, ఇక లాయరు ఏం చూపిస్తాడు చెప్పు.

ఆదివారం ఖాళీయే, గుంటూరు నుంచి బండేసుకుని బెజవాడ వచ్చెయ్, మిగతా తగువు బిర్యానీ దగ్గర పెట్టుకుందాం.

నీ,
రాజా