బాక్‌ఫెస్ట్‌కు వెళ్లొద్దనకండి, బస్సు మాట్లాడండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు సిన్సినాటిలో బాక్‌ఫెస్ట్ అనే ‘బీరు జాతర’కు ఎగబడుతున్నారని, తెలుగు సంఘాలు చూస్తూ ఊరుకుంటున్నాయని ఒక పాఠకుడు మీకు రాసిన ఉత్తరం చదివాను. ఆయన బాధ నాకు తెలియనిది కాదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఊరూరా సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే అది సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. తాగుడును వెనకేసుకొచ్చే ఇంట్లో నేను పెరగలేదు. అయినా ఆయన తిట్టిపోసిన పండుగకూ, నేను ఏటా చూస్తున్న పండుగకూ పోలికే లేదు.

బాక్‌ఫెస్ట్ మార్చి మొదటి వారాంతంలో ‘ఓవర్ ది రైన్’ అనే పాత పేటలో జరుగుతుంది. ఒకప్పుడు అక్కడ పారిన కాలువను జర్మన్ వలసదారులు సరదాగా తమ రైన్ నది అనుకునేవారు, దాని అవతలి ఒడ్డు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు కాలువ లేదు, దాని మీద పెద్ద రోడ్డు ఉంది. చలి పోయి వసంతం అడుగుపెట్టే వేళకు సిద్ధమయ్యే చిక్కటి, కాస్త ఘాటైన బీరు బాక్. శుక్రవారం సాయంత్రం 1861 నాటి ఆర్నాల్డ్స్ అనే పానశాల దగ్గర ఊరేగింపు మొదలవుతుంది. ముందు ఒక మేక, దాని వెనక చిన్న బండి, బండి మీద బీరు పీపా. ఆ వెనక చక్రాలు, ఇంజను బిగించిన స్నానపు తొట్టెలో కూర్చుని ఒకాయన దాన్ని నడుపుకుంటూ వస్తాడు. చంటిపిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులు, చర్చి వాళ్లు, బ్యాండు వాళ్లు, ఎందుకు వచ్చారో తమకే తెలియనట్టు వింత వేషాలు వేసుకున్నవాళ్లు. చూడ్డానికి టికెట్టు లేదు. ‘సాసేజ్ రాణి’ పోటీ కూడా పెడతారు, అందులో మగవాళ్లూ నిలబడొచ్చు. మాంసం, ఓట్స్ కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాల్చే ‘గెట్టా’ అనే వంటకం ఆ ఊరి సొంతం. అంచులు మన దిబ్బరొట్టె అంచుల్లా కరకరలాడతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పేట చరిత్ర తెలిస్తే ‘తాగుబోతుల జాతర’ అనే మాట నోటికి రాదు. పంతొమ్మిదో శతాబ్దిలో ఇక్కడ బడుల్లో జర్మన్‌లోనూ చదువు చెప్పేవారు. బవేరియా నుంచి వచ్చిన క్రిస్టియన్ మోర్లైన్ 1853లో పెట్టిన బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కర్మాగారం, ఈ ఊరికంతటికీ పేరు తెచ్చింది. యంత్రాలతో చల్లబరచడం రాకముందు బీరును నెలల తరబడి చల్లగా ఉంచాలి కదా, అందుకు వీధుల అడుగున రాతి కమానుల నేలమాళిగలు తవ్వారు. ఈ మధ్య వాటిలోకి దిగి చూసే వీలు కల్పించారు. ఎండాకాలంలో వెళ్లినా లోపల చొక్కా మీద స్వెట్టర్ ఉంటే బాగుండుననిపించే చల్లదనం.

1918లో, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ మీది కోపమంతా ఈ పేట మీద పడింది. నగర మండలి జర్మన్ వీధుల పేర్లు మార్చేసింది. జర్మన్ స్ట్రీట్ ఇంగ్లిష్ స్ట్రీట్ అయింది, బ్రెమెన్ స్ట్రీట్ రిపబ్లిక్ స్ట్రీట్ అయింది. గ్రంథాలయం అరల్లోంచి జర్మన్ పుస్తకాలు తీసేశారు. 1919లో ఒహైయో రాష్ట్రం ఎనిమిదో తరగతిలోపు పిల్లలకు జర్మన్ నేర్పకూడదని చట్టమే చేసింది. ఆ వెంటనే మద్యనిషేధం వచ్చి బ్రూవరీలు మూతపడ్డాయి, మోర్లైన్‌తో సహా. బాక్‌ఫెస్ట్ మొదలైంది 1992లో, మా దూబగుంట ఏడాదే. పోయినవాటిలో కొన్నింటినైనా గుర్తుపెట్టుకోవాలనే పట్టుదల దాంట్లో ఉంది. ఇప్పుడు కొన్ని మూలల మీద కొత్త పేరుతోపాటు పాత జర్మన్ పేరు పలక కూడా కనిపిస్తుంది.

నాకూ ఒక అసంతృప్తి ఉంది. జర్మన్లు కొండల మీది ఇళ్లకు తరలిపోయాక దశాబ్దాలపాటు ఈ పేటలో కాపురం ఉన్నది పేద నల్లజాతి కుటుంబాలు, అపలాచియా కొండల నుంచి వచ్చిన కూలీలు. పాత ఇళ్లు బాగుచేసి అద్దెలు పెంచాక వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. వాళ్ల కథకు ఊరేగింపులో ఇంకాస్త చోటుంటే బాగుండేది. ఆ కొత్త ఇళ్లలో అద్దెకున్నవాళ్లలో మన సాఫ్ట్‌వేర్ పిల్లలూ ఉన్నారు కాబట్టి ఈ మాట మనకూ తగులుతుంది.

ఇక అసలు భయపడాల్సింది పండుగ గురించి కాదు, ఇంటికి తిరిగొచ్చే దారి గురించి. నగరం నడిబొడ్డున తిరిగే ట్రామ్ 2020 నుంచి ఉచితమే. కానీ మనవాళ్లు ఎక్కువగా ఉండేది మేసన్, వెస్ట్ చెస్టర్ లాంటి ఉత్తరపు శివార్లలో. ట్రామ్ అక్కడికి రాదు. కాబట్టి కార్లలోనే వస్తారు, కార్లలోనే పోతారు. బాక్ తియ్యగా ఉంటుంది, తాగినంతసేపూ తెలియదు. ఒహైయోలో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం చేరితే నేరం, 21 నిండనివాళ్లకైతే హద్దు ఇంకా తక్కువ. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. తాగి బండి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం కాన్సులేట్లకు ఉంది. 2015 నుంచి ఆ విధానం అమల్లో ఉంది. ఎం.ఎస్. చదువు కోసం పొలం తాకట్టు పెట్టిన ఇంటికి ఆ ఒక్క రాత్రి ఎంత ఖరీదో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే ఇక్కడి తెలుగు సంఘాలకు నా విన్నపం ఇది. పిల్లలకు ‘వెళ్లకండి’ అని వాట్సాప్ సందేశాలు పంపడం మానండి, వెళ్లేవాళ్లు ఎలాగూ వెళతారు. వనభోజనాలకు బస్సులు మాట్లాడే అలవాటు మీకు ఉన్నదే. శుక్రవారం సాయంత్రం, శనివారం రాత్రి మేసన్ నుంచి ఒకటి, వెస్ట్ చెస్టర్ నుంచి ఒకటి పెట్టండి. తలా ఇంతని వసూలు చేస్తే సంఘానికి భారం కూడా కాదు. బీరు ముట్టని మాలాంటివాళ్లమూ, చిన్నపిల్లలున్నవాళ్లమూ అందులోనే వస్తాం. మార్చి దాకా ఆగితే బస్సులు దొరకవు, జనవరిలోనే మాట్లాడుకోవాలి.

– ఒక పాఠకురాలు, సిన్సినాటి, ఒహైయో