నేరేడు చెట్టు కింద పోస్టరు పాఠం

సంపాదకుల వారికి,

అయ్యా,

జులై మొదటి వారంలో మా మనవరాలి తరగతి పిల్లలకు తోడుగా నగర శివారులోని ఒక అటవీ పార్కుకు వెళ్లాను. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి ‘పర్యావరణ విద్యా యాత్ర’ అన్న మాట వినగానే కొంత ఆశ, కొంత అనుమానం కలిగాయి. చివరికి అనుమానమే నిజమైంది. పిల్లలను ముందుగా ఒక హాల్లో కూర్చోబెట్టి ధ్రువప్రాంతపు తెల్ల ఎలుగుబంటి గురించి వీడియో చూపించారు, ఆ తరువాత వరుస కట్టించి నడకదారి వెంట తిప్పారు. ఆ దారి పక్కనే ఒక నేరేడు చెట్టు కింద నేలంతా ఊదారంగు పులుముకుని ఉంది. ఒక పిల్లవాడు వంగి రాలిన పండును అందుకోబోతే కాపలాదారు కేక వేశాడు. వెంట ఉన్న టీచరమ్మ కూడా ముట్టుకోవద్దని గదిమింది. చెట్టుకు కట్టిన బోర్డు మీద దాని శాస్త్రీయ నామం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, దాని కింద ‘మధుమేహాన్ని నయం చేస్తుంది’ అనే వాక్యం ఉంది, నేరేడు అనే తెలుగు మాట మాత్రం ఎక్కడా లేదు. “తాతయ్యా, ఇది కూడా నేరేడేనా? సూపర్ మార్కెట్ డబ్బాలో పెద్దవి ఉంటాయి కదా” అని మా మనవరాలు అడిగింది. ఆ రోజు మొత్తం మీద పిల్లల నోట వచ్చిన ఒకే ఒక్క శాస్త్రీయ ప్రశ్న అదే, దానికి జవాబు చెప్పే ఏర్పాటు మాత్రం ఆ పార్కులో లేదు.

ఇది ఒక్క పార్కు లోపమైతే మీ విలువైన స్థలాన్ని ఆక్రమించేవాడిని కాను. పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. పదేళ్ల తరువాత నేషనల్ గ్రీన్ కోర్ అనే కేంద్ర పథకం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు, అంటే పిల్లల పర్యావరణ సంఘాలు వచ్చాయి. హైదరాబాదు చుట్టుపక్కల కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి అనే మూడు జాతీయ పార్కులు ఉన్నాయి, వాటికి తోడు అటవీ శాఖ తీర్చిదిద్దిన అర్బన్ పార్కులు ఉన్నాయి, విశాఖ వాసులకు ఊరికి ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. అంటే ఆదేశం ఉంది, క్లబ్బు ఉంది, చోటూ ఉంది. వీటన్నిటి మధ్య పిల్లవాడి చేతికి అందవలసిన పండు ఒక్కటే అందడం లేదు.

పండు అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానో వివరిస్తాను. అడవిని పిల్లలకు పరిచయం చేయడానికి మన ప్రాంతంలో అడవి పండును మించిన సాధనం లేదు, ఎందుకంటే అందులో రంగు, రుచి, రసాయనం, జంతువు, మనిషి అన్నీ ఒకేచోట కలుస్తాయి. నేరేడునే తీసుకోండి. ఆ ఊదారంగుకు కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు, నల్ల ద్రాక్షకు, వంకాయ తొక్కకు రంగునిచ్చేవీ ఈ కోవకు చెందినవే. నేరేడు గుజ్జును నీళ్లలో పిసికి, వడగట్టి, మూడు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం పిండి, మరొకదానిలో చిటికెడు వంటసోడా వేసి, మూడోదాన్ని పోల్చి చూడటానికి అలాగే వదిలేస్తే, నిమ్మరసం పడింది ఎర్రబారుతుంది, సోడా పడింది నీలం వైపు తిరుగుతుంది. ఆమ్లాలు, క్షారాల గురించి నేను నల్లబల్ల మీద నెల రోజులు చెప్పినా రాని తెలివి ఈ మూడు గ్లాసులతో పది నిమిషాల్లో వస్తుందని అనుభవం మీద చెబుతున్నాను.

రంగు తరువాత వగరు. నేరేడులో, ఉసిరిలో, పచ్చి తునికి కాయలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, అందువల్ల నాలుక మీది జారుడు పోయి నోరంతా గరుకుగా పట్టేసినట్టు అవుతుంది. పచ్చి తునికి కాయను ఒక్కసారి కొరికినవాడు ఈ పాఠాన్ని జన్మలో మరచిపోడు. గింజ ముదరకముందే కాయను ఎవరూ తినకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. గింజ తయారయ్యాక వగరు తగ్గి, తీపి పెరిగి, పండు రంగు తిరిగి, రమ్మని పిలుస్తుంది. పిలుపు అందుకుని వచ్చేది పిట్ట, పునుగుపిల్లి, మన ఎలుగుబంటి. మన ఎలుగు నేరేడు, రేగు, ఈత, తునికి పండ్లను కడుపునిండా తిని గింజలను మైళ్ల దూరాన విసర్జించి, కూలి అడగకుండా అడవిని నాటుతుంది. అటువంటి ఎలుగు నల్లమలలో తిరుగుతుండగా, మన పిల్లలకు మంచు మీది తెల్ల ఎలుగును చూపించి పర్యావరణం నేర్పామనుకోవడం నాకు వింతగా తోచింది.

ఇక ఆరోగ్యం సంగతి. అడవి పండ్లలో మేలు చేసే పదార్థాలు నిజంగానే ఉన్నాయి. ఉసిరిలో విటమిన్ సి ఎంత ఎక్కువంటే, పెద్దవారికి రోజుకు కావలసిన మొత్తం రెండు మూడు అడవి ఉసిరికాయలతోనే దాదాపు సమకూరుతుంది. 2020లో వెలువడిన సిఫారసుల ప్రకారం ఆ మొత్తం పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. మొర్రి పండు లోపలి సారపప్పులో సగం వరకు నూనే ఉంటుంది, మాంసకృత్తులూ బాగానే ఉంటాయి. రేగు, వాక్కాయ, వెలగ ఒక్కొక్కటీ తనదైన పోషకాన్ని ఇచ్చేవే. ఈ లెక్కలు తేల్చగల జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పటికీ తార్నాకలోనే ఉంది. పార్కు బోర్డు మీద ఏం రాయాలో అడగడానికి అటవీ అధికారులు దూరాభారం పోనక్కరలేదు.

‘మధుమేహాన్ని నయం చేస్తుంది’ అనే వాక్యం మీద నా అభ్యంతరం ఇక్కడే. నేరేడు గింజల సారం ప్రయోగశాల జంతువుల్లో చక్కెరను తగ్గించిందని పరిశోధనలు ఉన్నాయి. కానీ బ్రెజిల్‌లో మధుమేహ రోగుల మీద నేరేడు ఆకుల కషాయాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించినప్పుడు, మధుమేహం మాత్ర వేసుకున్నవారిలో చక్కెర తగ్గింది, కషాయం తాగినవారిలో తగ్గలేదు. ఆకు వేరు, గింజ వేరు, పండు వేరు, ఎలుక వేరు, మనిషి వేరు అని పిల్లలకు నేర్పడమే సైన్సు. ఆ పని చేయవలసిన ప్రభుత్వ బోర్డే వాట్సాప్ వైద్యుడిలా మాట్లాడితే, దాన్ని చదివి ఎవరింట్లోనైనా పెద్దాయన మాత్రలు మానేస్తే, బాధ్యత ఎవరిది?

మేలుతో పాటు కీడు కూడా చెప్పాలి. గుట్టల మీద సొంత చెట్టులా పెరుగుతున్న సీతాఫలం నిజానికి అమెరికా ఖండం నుంచి వచ్చింది. గుజ్జు ఎంత తీపిదో గింజ అంత విషపూరితం. అందులోని ఎసిటోజెనిన్లు అనే రసాయనాలు పురుగులను చంపుతాయి, అందుకే గింజల పొడిని పేలకు మందుగా తలకు పట్టిస్తారు. ఆ పొడి కంట్లో పడి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్నవారు కంటి ఆసుపత్రులకు రావడం కొత్త కాదు. కంచె మీద ఎర్రగా మెరిసే గురిగింజను నమిలితే ప్రాణానికే ముప్పు. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. మా చిన్నతనంలో ఏది తినాలో, ఏది ముట్టకూడదో పశువుల కాపరి పిల్లలు చెప్పేవారు. ఇప్పటి పిల్లలకు చెప్పేవారు లేరు కాబట్టే అన్నీ ముట్టవద్దంటున్నాం.

కాపలాదారుది తప్పని నేను అనను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు నుంచి అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తిని తీసుకుపోకూడదు, ఆ నిబంధన ఉండవలసిందే. ఉసిరి మందుగా అమ్ముడుపోతుందని తెలిస్తే కాయల కోసం కొమ్మలనే నరుక్కుపోయేవారు ఉంటారు, మొర్రికీ అదే గతి పడుతుంది. అందువల్ల జాతీయ పార్కుల్లో చూపుకు, వాసనకు పరిమితమై, అర్బన్ పార్కుల అంచున ఎకరమో రెండెకరాలో వేరుగా కేటాయించి, అటవీ శాఖ అనుమతితోనే పిల్లలు కోసి, కడిగి, తిని చూసే అడవి పండ్ల తోటలు పెంచవచ్చు. 2015లో మొదలైన హరితహారంలో కోట్ల మొక్కలు నాటినప్పుడు కోతులు ఊళ్ల మీద పడకుండా పండ్ల మొక్కలతో ‘మంకీ ఫుడ్ కోర్టు’లు కూడా తలపెట్టారు. కోతుల మీద చూపిన దయలో పిసరంత పిల్లల మీద చూపినా చాలు.

అటువంటి తోటలో పాఠం ఎవరు చెప్పాలన్నది మరో ప్రశ్న. నాలాంటి పుస్తకాల మాస్టర్ల కంటే నల్లమల చెంచులు, మన్యం గిరిజన మహిళలు ఈ పని మెరుగ్గా చేయగలరు. ఏ పరికి పొద ఏ నెలలో పండుతుందో, పాల పండ్లు తిన్నాక పెదవులకు అంటిన జిగురు ఎలా పోతుందో, బలుసు ఎక్కడ కాస్తుందో వారికి తెలుసు. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ వారి దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటూనే ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద వారి హక్కును గుర్తించింది. ఉసిరిని కొన్నట్టే ఆ తెలివికి కూడా గౌరవప్రదమైన రోజుకూలి ఇచ్చి, నెలకు నాలుగు రోజులు వారిని పార్కులకు గురువులుగా పిలిపించడం ఖజానాకు భారం కాదు.

చివరిగా తేదీల సంగతి, దీన్ని చాలామంది గమనించరు. మొర్రి, తునికి, పాల, ఈత అన్నీ ఎండాకాలంలో పండుతాయి, అప్పుడు బడులకు సెలవులు. విద్యాయాత్రలు ఎక్కువగా బాలల దినోత్సవం చుట్టూ నవంబరు, డిసెంబరులో పెడతారు, అప్పటికి దొరికేవి ముఖ్యంగా ఉసిరి, రేగు. బడులు తెరిచిన జూన్, జులైలలో నేరేడు, వినాయక చవితి నాటికి వెలగ, దసరా దాటాక సీతాఫలం, కార్తీకంలో ఉసిరి, భోగికి రేగు అనే లెక్కన విద్యాశాఖ, అటవీశాఖ కూర్చుని ఒక పట్టిక వేసుకుంటే ఒక్కో తరగతికి ఒక్కో పండు వస్తుంది. వినాయకుడి శ్లోకంలో కపిత్థం, జంబూఫలం అని పిల్లలు ఏటా వల్లిస్తారు, అవి తాము చూసే వెలగ, నేరేడులేనని వారిలో ఎందరికి తెలుసో మీ పాఠకులైన తల్లిదండ్రులే అడిగి చూడవచ్చు.

పట్టికకు, తోటలకు సమయం పడుతుందని నాకు తెలుసు. బోర్డు మార్చడానికి మాత్రం పట్టదు. నేను వెళ్లిన పార్కులో ఉసిరి చెట్లు కూడా కాపు పట్టి ఉన్నాయి, కార్తీక వనభోజనాలకు వేలమంది ఆ నీడకే వస్తారు. అప్పటికైనా వాటికి ‘ఉసిరి’ అని తెలుగులో పేరు రాసి, నేరేడు మీది మధుమేహం వాక్యాన్ని చెరిపించవలసిందిగా మీ పత్రిక ద్వారా అటవీ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాదు