మేకు కొట్టేముందు రెండు రోజులు ఇప్పించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

కలిసి ప్రదర్శనలు పెట్టుకునే స్థానిక చిత్రకారులం. ప్రభుత్వ గ్యాలరీల బుకింగ్ నిబంధనల్లో ఒక మార్పు కోరుతున్నాం. ప్రారంభం రోజు పొద్దున తాళం ఇచ్చి, ముగింపు రోజు సాయంత్రం తీసుకునే పద్ధతి ఒకరి పనిని ఒకరు విమర్శించుకుని ప్రదర్శన కట్టే బృందాలకు సరిపోదు. ప్రారంభానికి ముందు రెండు రోజులు హాలు మా చేతిలో ఉండాలి.

లెక్క చూడండి. పన్నెండు మంది, మనిషికి ఐదు చిత్రాల చొప్పున 60 తెస్తారు. గోడకెక్కేవి మూడేసి, అంటే 36. ఒక్కోటి సగటున 60 సెంటీమీటర్ల వెడల్పు, మధ్య ఖాళీ 45 అనుకుంటే దాదాపు 38 మీటర్ల గోడ. ఆగిపోవాల్సిన 24 ఏవో తేల్చేది విమర్శే. చిత్రాలు ఇంకా గోడకు ఆనించి నేలమీద ఉండగానే అది జరగాలి. మేకు పడ్డాక ఏం చెప్పినా "అవునవును" అంటారు, చిత్రం మాత్రం కదలదు.

ఆ పనేదో ఎవరింట్లోనో కానివ్వొచ్చు కదా అంటారేమో. ఇంటి కిటికీ వెలుగులో విడివిడిగా కనిపించిన ముదురు రంగులు హాలు దీపాల కింద ఒకే నల్లముద్దవుతాయి. పెద్ద ఎర్ర కాన్వాస్ పక్కన చిన్న నీటిరంగు చిత్రం పాలిపోతుంది. అది అక్కడ పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మొదటి రోజంతా విమర్శకే. ఒక్కొక్కరికి 20 నిమిషాలు, మొత్తం నాలుగు గంటలు, రెండు పూటలుగా. వరుస చీట్లు వేసి తీయాలి, లేకపోతే అలసిన కళ్లు ఎప్పుడూ కొత్తవాళ్లకే దక్కుతాయి. మొదటి మూడు నిమిషాలు అందరూ చూడటమే. తర్వాత పది నిమిషాలు మిగతావాళ్లు మాట్లాడతారు, వేసినవారు నోరు విప్పకూడదు. ముందే "ఇది చెరువు" అనేస్తే అందరికీ చెరువే కనిపిస్తుంది. ఆ నీలం నీళ్లలా లోపలికి పోతోందా, గోడలా అడ్డం నిలబడిందా అన్నది ఎవరికీ పట్టదు. చివరి ఏడు నిమిషాలు వేసినవారివి. "బాగుంది" అని ఊరుకుంటే కుదరదు; ఏ మూల, ఏ గీత అన్నది చూపించాలి. "నేనైతే ఇలా వేసేదాన్ని" అన్నా ఆపేయాల్సిందే. అది పక్కవారి కుంచె లాక్కోవడం.

రెండో రోజు వేలాడదీయడం. చిత్రం నడిమిభాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలి. చిత్రం ఎత్తు 80 అయితే సగం 40 కలపాలి. బిగిసిన తీగ ఫ్రేమ్ పైఅంచుకు 8 కిందుంటే అది తీసేయాలి. మేకు 182 దగ్గర పడుతుంది. తొందరలో ఈ లెక్క వదిలేసి పైఅంచులు వరుసగా కలిపేస్తారు, చిన్న చిత్రాలు తలెత్తి చూడాల్సిన చోటికి ఎక్కి కూర్చుంటాయి.

దీపాల సంగతి ఇంకా సున్నితం. వెలుగు నిలువుకు 30 డిగ్రీల వాలులో పడాలి. మరీ నిటారుగా పడితే ఫ్రేమ్ నీడ చిత్రం నుదుటిమీద పట్టీలా వాలుతుంది. మరీ ఏటవాలైతే అద్దంలో దీపమే కనిపిస్తుంది. నీటిరంగులకు 50 లక్స్ (పడే వెలుగును కొలిచే ప్రమాణం) మించకూడదు, తైలవర్ణాలకు 200 దాకా పరవాలేదు. వెలిసిన నీటిరంగు మళ్లీ రాదు. హాలంతటికీ ఒకటే స్విచ్ ఉన్నచోట ఈ రెండూ పక్కపక్కన పెట్టలేం. కనీసం ఒక్కో గోడకు విడి డిమ్మర్ (వెలుగు పెంచి తగ్గించే మీట) పెట్టించండి.

ఇంకొకటి. 1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బృందంవారు తమ మొదటి ప్రదర్శనను రాత్రి 8 నుంచి 10 దాకా కూడా తెరిచి ఉంచారు. పగలంతా పనికి వెళ్లేవాళ్లు చూడాలంటే మన గ్యాలరీలకూ ఆ వేళ కావాలి.

అదనపు రెండు రోజుల అద్దె కడతాం. ఆ రెండు రోజులూ దీపాలు వేయనివ్వమని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి. ప్రారంభోత్సవం కాలేదని మెయిన్ ఆపేస్తే మేం చూసేది చీకటినే.

ఇట్లు,
సామూహిక ప్రదర్శనల చిత్రకారులు