మా బాబుకి జుట్టు కత్తిరించిన తమ్ముడికి

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇవాళ మా బాబుకి జుట్టు కత్తిరించారు. వాడు ఏడవలేదు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు.

ఆటిజం ఉన్న పిల్లల తల్లులకి ఈ నాలుగు ముక్కలు చాలు, మిగతాదంతా అర్థమైపోతుంది. మిగిలినవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, చేతులింకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా వాడికి ఐదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. తల మీద చెయ్యి పడితే ఓర్చుకోలేడు. ట్రిమ్మర్ చప్పుడు వింటే చెవులు మూసుకుని తల నేలకేసి కొట్టుకుంటాడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్లినప్పుడు కల్యాణకట్టలో వాడు ఏడ్చిన ఏడుపుకి “పిల్లలన్నాక ఏడవరా అమ్మా” అన్నారందరూ. కిందటేడు ఇండియాలో ఇంటికి వెళ్లినప్పుడు నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుంటే గానీ పని కాలేదు. ఆ తర్వాత దువ్వెన కనిపించినా మంచం కింద దూరేవాడు. ఇక్కడ జర్మనీలో, మేముండే లైప్‌జిగ్‌లో ఒక సెలూన్‌కి తీసుకెళ్తే, కేప్ కట్టగానే అరిచాడని, మిగతా కస్టమర్లకి ఇబ్బందిగా ఉందని, మధ్యలోనే లేపేశారు. సగం కత్తిరించిన తలతో ట్రామ్‌లో ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పట్నించీ తల ముట్టుకోనివ్వలేదు. మెడ వెనక జుట్టు చిక్కుపడి జడలు కట్టేసింది. దాని కింద చర్మం చెమ్మతో పాసిపోయి పుండు పడింది. జుట్టు తీస్తే గానీ మందు పట్టదన్నారు డాక్టరు. మత్తు ఇచ్చి తీస్తారేమో కనుక్కుందామా అనేంత వరకూ వచ్చాం.

మావారు, అమ్మ, అత్తయ్యగారు నాతో ఉన్నారు. వాళ్ల గురించి వేరే చెప్పేదేముంది, వాళ్లున్నారు కాబట్టే నేనున్నాను.

ఎవరో చెబితే ఐజెన్‌బాన్ స్ట్రాసే అనే వీధి దగ్గర ఒక చిన్న సెలూన్‌కి వెళ్లాను. బాబుని తీసుకెళ్లలేదు, ఒక్కదాన్నే. నాకొచ్చిన జర్మన్‌లో సంగతంతా చెప్పాను. ఓనరమ్మ ఏమనాలో తోచక ఆలోచిస్తోంది. వెనక నేల ఊడుస్తున్న కుర్రాడు చీపురు గోడకి ఆనించి వచ్చాడు. “వాడికి ఏది ఇష్టం?” అని అడిగాడు.

నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. డాక్టర్లు, ఆఫీసులవాళ్లు, తెలిసినవాళ్లు, అందరూ వాడికి ఏది పడదో అడుగుతారు. ఏది రాదో అడిగి ఫారంలో రాసుకుంటారు.

లెక్కపెట్టడం ఇష్టమని చెప్పాను. వాడు మాట్లాడేది తక్కువ, కానీ ట్రామ్ స్టాపులు, మెట్లు, ప్లేట్లో ఇడ్లీ ముక్కలు, ఏది కనిపించినా తెలుగులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతాడు. “మెల్లగా ఒకసారి చెప్పండి” అన్నాడా అబ్బాయి. అపాయింట్‌మెంట్ కార్డు వెనక, నేను చెబుతుంటే, అరబిక్ అక్షరాల్లో రాసుకున్నాడు. “ఎనిమిది” దగ్గర కొట్టేసి మళ్లీ రాశాడు. జేబులో పెట్టుకుని “సోమవారం రండి” అన్నాడు.

సోమవారాలు ఇక్కడ చాలా సెలూన్లకి సెలవు. అంటే అది అతని సెలవు రోజు కూడా. షాపులో వేరే కస్టమర్లెవరూ లేరు. రేడియో లేదు, డ్రయ్యర్ల మోత లేదు, సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి. మొదటిసారి కత్తెర బయటికే తీయలేదు. నేల మీద కూర్చుని, ట్రెయినింగ్ స్కూల్లో ప్రాక్టీసు కోసం ఇచ్చిన బొమ్మ తల తెచ్చి మా వాడి ముందు పెట్టాడు. పిల్లలు కాగితాలు కత్తిరించుకునే మొండి కత్తెర చేతికిచ్చాడు. మా వాడు ఆ బొమ్మ జుట్టు ఇష్టమొచ్చినట్టు కత్తిరించేశాడు. ఆ బొమ్మ తలలు ఊరికే రావని నాకు తర్వాత తెలిసింది. తర్వాతి సోమవారం కూడా అంతే, కాకపోతే మధ్యమధ్యలో వాడి తల మీద అరచెయ్యి ఆనించి తీసేసేవాడు.

ఇవాళ కత్తిరించాడు.

కేప్ లేదు. ఇంటి దగ్గర్నుంచి వాడి దుప్పటే తెమ్మన్నాడు. అద్దం మీద తువ్వాలు కప్పేశాడు. నీళ్లు స్ప్రే కొట్టకుండా, తన అరచేతులు తడుపుకుని జుట్టుకి రాశాడు. బాబు నా ఒళ్లో, నేను నేల మీద, మా వెనక అతను మోకాళ్ల మీద. ఒక పాయ రెండు వేళ్ల మధ్య పట్టుకుని “ఒకటి” అనేవాడు, కత్తెర పడేది. “రెండు”. మళ్లీ కత్తెర. పది అవగానే కత్తెర కింద పెట్టి, ముందుకొచ్చి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని వాడికి చూపించేవాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలు. జడలు కట్టిన చోట లాగలేదు. చర్మానికీ ముడికీ మధ్య తన వేలు అడ్డం పెట్టుకుని, ముడిని నిలువుగా కొద్దికొద్దిగా చీల్చుకుంటూ వచ్చాడు. అలా చేస్తూ చేస్తూ ఒకచోట “ఏడు” తర్వాత అతనికి గుర్తు రాలేదు. కార్డు కోసం జేబు తడుముకుంటున్నాడు. మా వాడు తల తిప్పకుండానే “ఎనిమిది” అని అందించాడు.

నేనింక ఆపుకోలేకపోయాను. దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. అతను నా వైపు చూడకుండా “తొమ్మిది” అని పని కానిచ్చాడు.

ఇంత ఓపిక ఎలా వచ్చిందని తర్వాత అడిగాను. అతని తమ్ముడు కూడా ఇలాంటి పిల్లాడేనట. వంటింట్లో టేబుల్ కింద దూరితే, తనూ టేబుల్ కిందే పడుకుని జుట్టు కత్తిరించేవాడట. అతను పుట్టింది సిరియాలోని అలెప్పోలో. యుద్ధంలో చిన్నప్పుడే టర్కీలోని గాజియాంతెప్‌కి వచ్చేశారు. మంగలి షాపులో నేల ఊడవడంతో మొదలుపెట్టి, కత్తి పట్టే దాకా ఎదిగాడు. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపానికి ఇల్లు బీటలు వారింది, షాపు మూతపడింది. ఆ ఏడు చివర్లో మేనమామతో జర్మనీ చేరాడు. అప్పటికి పదిహేడేళ్లు.

ఇక్కడ ఆ పనితనానికి కాగితం విలువ లేదు. మళ్లీ మొదటి నుంచి మూడేళ్ల ఆస్‌బిల్డుంగ్ (పని చేస్తూ నేర్చుకునే శిక్షణ) చెయ్యాలి, కొన్ని రోజులు సెలూన్లో, కొన్ని రోజులు ట్రెయినింగ్ స్కూల్లో. ఇప్పుడు మొదటి ఏడాది. ఈ పనిలో నేర్చుకునేవాళ్లకి ఇచ్చేది మరీ తక్కువ. 2025లో మొదలుపెట్టిన వాళ్లకి చట్టం ప్రకారం మొదటి ఏడాది కనీసం 682 యూరోలు. అందులోనే ఇంటికి కూడా పంపుతాడు. ఈ మూడేళ్లూ అయ్యాక సొంతంగా షాపు పెట్టుకోవాలంటే మైస్టర్ పరీక్ష (ఈ పనిలో దీనికి పై మెట్టు) కూడా పాసవ్వాలి, లేదంటే అది పాసైన మనిషిని పనిలో పెట్టుకోవాలి. పని నేర్చుకోవాలనడం తప్పని నేను అనను, ఆ స్కూల్లో రంగుల కెమిస్ట్రీ, చర్మం జబ్బులు అన్నీ చెబుతారట, అతనికి అది ఇష్టం కూడా. నా బాధ అది కాదు.

మైనరుగా ఉండగా అతనికి ఇక్కడ ఉండనిచ్చే రక్షణ వచ్చుంటే అమ్మానాన్నల్ని రప్పించుకోవడానికి దారి ఉండేది. ఫైలు కదిలి నిర్ణయం వచ్చేసరికి పద్దెనిమిది నిండాయి, ఆ దారి మూసుకుపోయింది. 2024 డిసెంబర్‌లో అసద్ ప్రభుత్వం పడిపోయిన మర్నాడే సిరియన్ల శరణార్థి దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేశారు. 2025 జులైలో పూర్తి శరణార్థి హోదా కాకుండా అతనికున్న లాంటి పరిమిత రక్షణ ఉన్నవాళ్లు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడాన్ని కూడా రెండేళ్లు నిలిపేశారు. టీవీ పెడితే వెనక్కి పంపాలనే మాటే. ఇలా పగలంతా కత్తెర పట్టుకుని, రాత్రి కాగితాల టెన్షన్‌తో పడుకునే పిల్లాడు, తన సెలవు రోజున నా కొడుకు కోసం నేల మీద మోకాళ్ల మీద నడిచాడు. అతని తమ్ముడికి ఇప్పుడు ఎవరు కత్తిరిస్తున్నారని అడగబోయి ఆగిపోయాను.

మా సంగతి కూడా ఒక్కమాట. పిల్లల సెంటర్‌లో బాబు పరీక్షల కోసం ఏడాది దాటి లైన్లో ఉన్నాం. ఫోన్ చేస్తే “మేమే పిలుస్తాం” అంటారు. ఆ పరీక్షల కాగితం లేనిదే కిటాలో (చిన్నపిల్లల డే కేర్‌లో) వాడి పక్కన ఉండే సహాయకురాలు రారు. వచ్చే ఆగస్టులో వాడిని బడిలో వెయ్యాలి. మేము ట్యాక్సులు కట్టడం ఒక్క నెల ఆపామా?

అతను డబ్బు తీసుకోలేదు. పులిహోర డబ్బా మాత్రం తీసుకున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు, సెలూన్ పేరు కూడా. లైప్‌జిగ్, హాలె చుట్టుపక్కల మనవాళ్లు, ముఖ్యంగా మా వాడిలాంటి పిల్లలున్నవాళ్లు, నాకు మెసేజ్ పెట్టండి, అతన్ని అడిగి చెబుతాను. ఇంకొకటి, అతని ట్రెయినింగ్ పరీక్షలకి జుట్టు కత్తిరించడానికి మోడల్స్‌ని వాళ్లే వెతుక్కోవాలి. నేనూ మావారూ ఒప్పుకున్నాం. పొడుగు జుట్టున్న అమ్మాయిలు ఇంకో ఇద్దరు కావాలి. ఇండియన్ జుట్టు ఒత్తుగా ఉంటుందని సంబరపడుతున్నాడు, దయచేసి రండి.

అయ్యో, ఓనరమ్మ గురించి రాయనే లేదు. షాపు తెరిచి, వెనక గదిలో అలికిడి లేకుండా కూర్చున్నారావిడ, కాఫీ మెషిన్ కూడా వెయ్యలేదు. “ఎవరో చెబితే” అని పైన రాసేశాను, ఆ ఎవరో కిటాలో మా వాడి క్లాసు పాప వాళ్లమ్మ, ఉక్రెయిన్ నుంచి వచ్చారు. ఇవాళ మధ్యాహ్నం లీవు ఇచ్చిన మా టీమ్ లీడర్‌కి థాంక్స్. పుండుకి మందు ఎలా రాయాలో వీడియో కాల్‌లో చూపించిన మా పిన్నికి, ట్రామ్‌లో మా వాడికి కిటికీ సీటు ఇచ్చేసి లేచి నిలబడిన పెద్దాయనకి, మొండి కత్తెర కొనిచ్చిన కింది ఫ్లోర్ ఆంటీకి కూడా. ఇంకెవరినైనా మర్చిపోయుంటే రేపు కలుపుతాను, ఇప్పుడు మందు రాసే టైమైంది.