కన్నార్పితేనే కేవైసీనా?

సంపాదకుల వారికి,

మా పెదనాన్నకు చూపు లేదు. మొన్న కేవైసీ (ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే ప్రక్రియ) చేయబోతే ‘ముఖం గీత లోపల పెట్టి కళ్లార్పండి’ అంది బ్యాంకు యాప్‌. ఆ గీత ఎక్కడుందో ఆయనకెలా తెలుస్తుంది? చివరికి ఫోన్‌ నేను పట్టుకున్నాను, ఓటీపీ కూడా నేనే కొట్టాను. ఇక గోప్యత ఏముంది!

డిజిటల్‌ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌ 30న చెప్పింది. యాసిడ్‌ దాడి బాధితులు, అంధులు వేసిన ఆ కేసుల్లో కేవైసీని అందరికీ అనువుగా మార్చాలని 20 ఆదేశాలిచ్చింది. తీర్పుకేం, బాగానే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10 వేల లోపే. బ్యాంకులకు అదో లెక్కా? చూపులేని ఖాతాదారులతో పరీక్షించాకే యాప్‌ విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు షరతు పెట్టాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ