యాక్సిడెంట్ కేసు నడుస్తుంటే స్టేటస్‌లు వద్దు

అందరికీ నమస్కారం. నిన్న గ్రూప్‌లో మద్దిలపాలెం యాక్సిడెంట్ ఫొటోలు, కింద ‘తప్పు మనదీ కొంత ఉందిలే’ అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. దయచేసి అలా పెట్టకండి. తప్పులో మన వాటా ఉందని ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) తేలిస్తే ఆ మేరకు పరిహారం కోసేస్తారు.

మా బావగారికి మోకాలు విరిగింది. నాలుగు నెలలకు పిల్లల పోరు పడలేక ఆర్కే బీచ్‌కి వెళ్లి, ఒక్క నిమిషం చేతికర్ర పక్కన పెట్టి నవ్వుతూ ఫొటో దిగారు. అక్క ఫేస్‌బుక్‌లో పెట్టింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బీమా కంపెనీ లాయరు ఆ ఫొటోనే ప్రింట్ తీసి చూపించి, ‘బాగానే నిలబడ్డారుగా’ అన్నాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. నొప్పి ఫొటోలో కనబడదు కదండీ!

ప్రైవసీ సెట్టింగ్ ఉందని ధీమా వద్దు, స్క్రీన్‌షాట్ ఎవరైనా తీయొచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 ప్రకారం అది ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేస్తే అదీ సాక్ష్యంగా చెల్లుతుంది. అలాగని కంగారుపడి పాత పోస్టులు డిలీట్ చేయకండి, ఏదో దాచారన్న అనుమానం వస్తుంది. ముందు మీ లాయరుకు చూపించండి. ట్యాగ్ చేసే స్నేహితులకూ చెప్పి ఉంచండి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం పరిహారం క్లెయిమ్ యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లోపే వేయాలి, ఆలస్యం చేయకండి.