వంటింటి మొక్కను వాసన చూసి ఎంచుకుందాం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ వానాకాలంలో మన పాఠశాల ప్రహరీ వెంట ఖాళీగా ఉన్న మడిలో వంటకు పనికివచ్చే సువాసన మొక్కలను పెంచాలని ఆరు, ఏడు తరగతుల విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయులు కలిసి నిర్ణయించారు. ప్రతి విద్యార్థీ బడిలో ఒక మొక్కను, ఇంటి దగ్గర ఒక కుండీని చూసుకుంటారు. కడియం, కడియపులంక నర్సరీలు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి కనుక మీలో చాలామంది పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్తారు. వెళ్లేముందు ఈ లేఖను ఒకసారి చదవమని మనవి.

పూలమొక్కను కంటితో చూసి కొనవచ్చు గానీ, వంటింటి మొక్కను ముక్కుతో పరీక్షించి కొనాలి. నీడవల కింద, నత్రజని ఎరువు దండిగా వేసి పెంచిన మొక్క ఆకు వెడల్పుగా, లేతగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అయితే ఆకుకు వాసననిచ్చే తైలం అందులో తరచుగా పలచగా ఉంటుంది. ఎండ తగిలి, కాస్త పొట్టిగా, ఆకు చిన్నగా ఉన్న మొక్క చూపుకు ఆనకపోయినా పోపులో దాని విలువ తెలుస్తుంది. అందువల్ల నర్సరీవారి అనుమతి తీసుకుని ఒక ఆకును వేళ్ల మధ్య నలిపి, పిల్లల చేత వాసన చూపించండి. నోట్లో మాత్రం పెట్టనివ్వవద్దు. అమ్మకానికి ఉంచిన మొక్కలపై పురుగుమందు చల్లి ఉండవచ్చు. ఇంటికి తెచ్చాక కూడా పాత ఆకు వాడకుండా కొమ్మల చివర్లు తుంచేసి, కొత్తగా వచ్చిన చిగురు నుంచే కోత మొదలుపెట్టడం మంచిది.

కరివేపాకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువమంది నాటేదీ, నాటాక ఎక్కువగా నిరాశపడేదీ ఈ మొక్కనే. గింజ నుంచి మొలిచిన మొక్కలన్నీ ఒకే ఘాటుతో ఉంటాయన్న హామీ లేదు. వేరు నుంచి పుట్టిన పిలక అయితే అచ్చంగా తల్లిచెట్టు గుణమే తెచ్చుకుంటుంది. మీ వీధిలో ఎవరి పెరటి కరివేపాకు వాసన పక్కింటిదాకా వస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఆ ఇంటివారిని అడిగి ఒక పిలక తెచ్చుకోవడం, నర్సరీలో పేరు తెలియని మొక్క కొనడం కంటే మేలని నా అభిప్రాయం. వానలు పడుతున్న ఈ రోజుల్లోనే పిలకను కొంత వేరుతో సహా తవ్వి, సంచిలో పెట్టి, కొత్త చిగురు వేసేదాకా నీడలో ఉంచాలి. రకం పేరు చూసి కొనదలచినవారికి ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన డీడబ్ల్యూడీ-1, డీడబ్ల్యూడీ-2 రకాలున్నాయి. మొదటిదానిలో తైలం ఎక్కువ, వాసన గాఢం, కానీ చలికాలంలో చిగురు వేయకుండా మొండికేస్తుంది. రెండోది చలిని తట్టుకుంటుంది. గింజే నాటదలచితే పండిన కాయ గుజ్జు తీసి వెంటనే నాటాలి, ఎండి నిలవ ఉన్న గింజలో మొలిచే శక్తి త్వరగా పోతుంది. మొదటి ఏడాది రెబ్బలు దూయకుండా, తల తుంచి కొమ్మలు వేయించే ఓపిక ఉండాలి.

కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబానికి చెందినవి కావడంతో నిమ్మచెట్టుపై గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలే దీనిపైనా పెడతాయి. పక్షిరెట్టలా కనిపించే చిన్న గొంగళిపురుగు కొన్నాళ్లకు ఆకుపచ్చగా మారి ఆకులను బాగానే తినేస్తుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును ఏరి వేరే చోట వదలండి, కొంచెం ఎదిగిన మొక్క అయితే నాలుగు రెబ్బలు దానికి వదిలేసి పిల్లలను చూడనివ్వండి. జీవశాస్త్ర పాఠానికి అంతకంటే మంచి బొమ్మ మా దగ్గర లేదు.

పుదీనా విషయంలో రకం మారితే వంట రుచే మారిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో మెంథాల్ తీయడానికి లక్షల ఎకరాల్లో పండించే జపాన్ పుదీనా వేరు, పచ్చడికి వాడే పుదీనా వేరు. నలిపినప్పుడు నొప్పి నివారణ మందులా ముక్కును చల్లగా తాకితే అది మెంథాల్ రకం. పచ్చడిలో చేదు తెస్తుంది. తియ్యటి ఘాటు ఉన్నదే మనకు కావలసింది. విత్తనం పొట్లాలు కొనకండి, పుదీనా విత్తనం తల్లి రుచిని నమ్మకంగా ఇవ్వదు. కూరగాయల బజారులో మీకు రుచి నచ్చిన కట్ట నుంచి గట్టి కాడలు నాలుగు తీసి నీటిలో పెడితే వేళ్లు వస్తాయి. దానిని వెడల్పాటి కుండీలో ఒంటరిగా ఉంచండి, పక్క మొక్కల చోటును కూడా ఆక్రమిస్తుంది.

ఇలాంటి పొరపాటే నిమ్మగడ్డి దగ్గర కూడా జరుగుతుంది. దోమలను తరిమే నూనె తీసే సిట్రోనెల్లా గడ్డి చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. నిమ్మతొక్క వాసన వస్తే తేనీటికి పనికివస్తుంది. సబ్బు వాసన వస్తే అక్కడే వదిలేయండి. వామాకుకు డబ్బు ఖర్చు పెట్టనక్కర లేదు, తెలిసినవారి ఇంటి నుంచి కొమ్మ తెచ్చి గుచ్చితే చాలు. నీరు ఎక్కువైతే మాత్రం కుళ్లిపోతుంది. కోటలోని తులసిని పూజకే ఉంచుకునే ఇళ్లవారు కషాయానికి మరో మొక్కను విడిగా పెంచుకోవడం బాగుంటుంది. వెన్నులు వచ్చినప్పుడల్లా తుంచుతూ ఉంటే ఆకు ఎక్కువ కాలం వస్తుంది.

కొత్తిమీర నాటాలని పిల్లలు తొందరపడుతున్నారు. ఈ జడివానల్లో నారు కుళ్లిపోతుంది కనుక దసరా దాటేదాకా ఆగమని వారికి చెప్పాను. అప్పుడైనా నారు మొక్కలు కొనవద్దు, తల్లివేరు కదిలితే ఈ మొక్క ఓర్చుకోదు. ధనియాన్ని మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి నేరుగా కుండీలోనే చల్లుకోవాలి. గుంటూరు లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన సింధు, సాధన, స్వాతి, సుధ వంటి పేర్లు దుకాణాల్లో వినిపిస్తాయి, అవి ప్రధానంగా ధనియాల దిగుబడి కోసం రూపొందినవి. మనకు కావలసింది ఆకు కాబట్టి ఆకు కోసమేనని పొట్లంపై రాసి ఉన్నదే అడగండి.

ఏ మొక్కనైనా కొనేముందు ఆకు అడుగుభాగం తిప్పి తెల్లదోమ, పేనుబంక ఉన్నాయేమో చూడండి. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉందని అర్థం. పక్కన ఉన్న చిన్న మొక్కను తీసుకోండి.

విద్యార్థులు తమ మొక్కలను ఆగస్టు మొదటి వారంలో సైన్సు ప్రయోగశాల దగ్గర అప్పగించాలి. కుండీకి కట్టే చీటీపై విద్యార్థి పేరు, తరగతితో పాటు మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో, గింజదో పిలకదో కూడా రాయించండి. ఘాటైన కరివేపాకు చెట్టు ఉన్న తల్లిదండ్రులు పిలకలు ఇవ్వదలిస్తే తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయండి. సంచులు, మట్టి పాఠశాలే సమకూరుస్తుంది. ఇంట్లో కుండీలు పెట్టే చోటు లేని పిల్లలకు రెండో మొక్కను కూడా బడిలోనే కేటాయిస్తాము, అందుకోసం కొత్తగా ఏమీ కొనవలసిన పని లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు